చేప దాకా విను

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు ఆఖరి వారం వచ్చేసరికి ఫోన్లలో ఒక సందడి మొదలవుతుంది. ఈ ఏడాది నాకు నచ్చిన పాటలివీ అంటూ ఒకరు ముప్పై పాటల జాబితా పంపుతారు. ఇంకొకరు యాభై. మనం ఒక చప్పట్ల బొమ్మ పెట్టేసి ఊరుకుంటాం. వింటామా? వినం. పంపినవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

ఒకసారి ఇలాంటి డిసెంబరులోనే నా స్నేహితురాలు ఒకే ఒక్క పాట పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: "చేప దాకా విను. విన్నాక ఫోన్ చెయ్యి." పాటలో చేపేమిటి? ఆ చేప కోసమే విన్నాను.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడిన తత్వగీతం అది, "ఏమి సేతురా లింగా". మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. నేను వినడం అదే మొదలు. శివుడికి పూజ చేద్దామని భక్తుడు గంగ నీళ్లు తెస్తాడు. గంగలో ఉన్న చేపా కప్పా ఊరుకోవు, అవి మా ఎంగిలి అంటాయి. సరే, ఆవుపాలు తెస్తాడు. లేగదూడ, అవి నా ఎంగిలి అంటుంది. సరే, తుమ్మిపూలు తెస్తాడు. కొమ్మకొమ్మనా తుమ్మెదలు, అవీ మా ఎంగిలే! ఇక నేనేం చెయ్యను లింగా, అని అడుగుతాడు. మడి గురించి వాదన పెట్టుకోడు, ఎవరినీ తిట్టడు. నేరుగా దేవుడినే అడుగుతాడు.

పాడుతున్నది ఎవరనుకున్నారు? కర్ణాటక సంగీతానికి మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టిన మహా విద్వాంసుడు. ఆ గొంతు తలుచుకుంటే ఎక్కడికైనా వెళ్లగలదు. ఇక్కడ మాత్రం ఎక్కడికీ వెళ్లదు. అరుగు మీద కూర్చుని తనలో తాను పాడుకునే మనిషిలా పాడేస్తారాయన. నన్నడిగితే, ఆయన విద్వత్తు నాకు ఎక్కువ కనబడేది అక్కడే. పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటే ఇప్పటికీ ఆ దూడ గుర్తొస్తుంది. ప్యాకెట్ పాలకి దూడ ఎక్కడిదండీ అంటారా, అదీ నిజమే.

ఫోన్ చేశాను. "దూడ దగ్గర నవ్వావా, ఏడ్చావా?" అని అడిగింది. అక్కడ మొదలైన మాటలు చాలాసేపటి దాకా తెగలేదు. అదే పాట ముప్పైలో పదిహేడోదిగా వచ్చి ఉంటే, నేను దాని మొహం చూసేదాన్ని కాదు.

కొత్తగా దొరికిన పాట అంటే ఈ ఏడాది విడుదలైనదే కానక్కర్లేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి పొద్దుటి భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లెన్నో! మీ నాన్నగారికి నోటికి వచ్చిన పాట మీ అబ్బాయికి కొత్త. అబ్బాయి చెవిలో మోగే పాట నాన్నగారికి కొత్త.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. ఒక్క మనిషికి ఒక్క పాట. గ్రూపులో వద్దు, ఆ మనిషికే. దాని కింద ఒక్క ముక్క, చెవి ఎక్కడ పెట్టాలో. "రెండో చరణంలో వయొలిన్ విను." "మృదంగం ఆగిపోయే చోటు చూడు." ఇలా. అద్భుతం, అమోఘం, తప్పక వినాలి అని రాయకండి. ఆ మాటలు అందరూ అన్నింటికీ రాస్తున్నారు.

లింకు నొక్కడం చేతకాని పెద్దవాళ్లుంటారు. వాళ్లకి ఫోన్ చేసి, పక్కన ఇంకో ఫోన్‌లో పాట పెట్టి వినిపించండి. కాస్త గరగరలాడుతుంది, ఫర్వాలేదు. రేడియోతో పెరిగిన చెవులకి గరగర అలవాటే.

నమస్కారం.