తానీషాకు పానకం

శ్రోతలకు నమస్కారం.

శ్రీరామనవమి అంటే పానకం, వడపప్పు. నాకు వాటితోపాటు గొలుసు చప్పుడు కూడా. చిన్నప్పుడు మల్కాజిగిరిలో మా వీధి చివర తాటాకుల పందిరి వేసేవారు. పొద్దున కల్యాణం, రాత్రి అదే పందిట్లో రామదాసు నాటకం. తలంబ్రాలు పడిన చాపల మీదే కూర్చునేవాళ్లం. ఇంటికెళ్లి చూసుకుంటే బట్టలకు పసుపు బియ్యం గింజలు అంటుకుని ఉండేవి.

చెరసాల ఘట్టం వచ్చిందంటే పందిరంతా నిశ్శబ్దం. రామదాసు వేషధారి చేతులకు గేటుకు వేసే ఇనుప గొలుసు చుట్టేవారు. ఏ నగకు ఎంత ఖర్చయిందో రాముడికే లెక్క చెప్పి, నిష్ఠూరమాడి, అంతలోనే తప్పు కాయమని వేడుకునే కీర్తన ఉంది కదా, అది పాడుతూ ఆయన చెయ్యెత్తితే గొలుసు గలగలమనేది. ఒక ఏడు నేను మరీ ముందు కూర్చున్నాను. ఆయన మణికట్టు మీద గొలుసు ఒరుసుకుని ఎర్రగా కమిలింది. అది రంగు కాదు. ఆ తర్వాత ఎన్ని సినిమాలు చూసినా ఆ చెయ్యి మరిచిపోలేదు.

నాటకం అయిపోయాక తానీషా వేషం వేసినాయన పందిరి వెనక అరుగు మీద కూర్చుని తలపాగా తీశాడు. మా అమ్మ స్టీలు గ్లాసు నిండా పానకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"రామదాసును కొట్టించినోనికి పానకం ఎందుకమ్మా?"

"రాముడు కనవడ్డది ఆయనకే గదా బిడ్డా."

నిజమే. రామలక్ష్మణులు వచ్చి పైకం చెల్లించింది తానీషాకు. పన్నెండేళ్లు పిలిచిన రామదాసుకు మాత్రం కనబడలేదు. కళ్లెదుట జరిగిన నాటకంలోనే ఉన్న సంగతి అది. నేనే పట్టించుకోలేదు.

పెద్దయ్యాక చరిత్ర పుస్తకాలు తిరగేశాను. రామదాసు అంటే కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని గోల్కొండలో బంధించారు. తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, 1672లో గద్దెనెక్కాడు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట ఔరంగజేబు వశమైంది. అబుల్ హసన్‌ను దౌలతాబాద్ కోటకు తీసుకెళ్లి బంధించారు. 1699లో ఆ చెరలోనే కన్నుమూశాడు. లెక్క వేసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆయనకూ పన్నెండేళ్లే! గోల్కొండ పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆయన సమాధి లేదు. ఎక్కడో ఖుల్దాబాద్‌లో ఉంది. నాటకం అంతదాకా రాదు. రామదాసు విడుదలతోనే మంగళం పాడేస్తారు. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషాతోనే మొదలైందని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అమ్మ పానకం ఇచ్చిన మనసే అందులోనూ నాకు కనిపిస్తుంది.

కిందటి ఆషాఢంలో బోనాలకు మా అమ్మాయిని గోల్కొండ తీసుకెళ్లాను. పైన జగదాంబ అమ్మవారి గుడికి వెళ్లే దారిలోనే రామదాసు బందీఖానా. గోడ మీద సీతారామలక్ష్మణుల బొమ్మలు, హనుమంతుడు. బయట డప్పులు మోగుతున్నాయి, బోనాలెత్తుకుని ఆడవాళ్లు మెట్లెక్కుతున్నారు. లోపల మాత్రం చల్లగా, చీకటిగా ఉంది. "ఇక్కడ పాడితే బయటికి వినిపించేదా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఏం చెప్పాలో తెలియలేదు. దానికి నాటకం చూపించాలని అప్పుడే అనుకున్నాను.

మా కాలనీలో నవమి రాత్రి నాటకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఈసారి కమిటీ వాళ్లను గట్టిగా అడిగాను, ఒక్క రాత్రికి ఒప్పుకున్నారు. గేటు గొలుసు మా ఇంటిది ఇస్తానన్నాను, చేతులకు ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ చుట్టి. పానకం రెండు గ్లాసులు విడిగా తీసిపెట్టమని ఇప్పుడే చెప్పి ఉంచాను.