గ్రూపులో పనిచేసేవాళ్లకు స్కార్ఫ్ ఎవరు వేస్తారు?

[తెరపై: తిరుమల అన్నప్రసాద కేంద్రం, వరుసగా పరిచిన అరిటాకులు]

నమస్తే అండీ. తిరుమల వెళ్లినప్పుడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో మీరు భోంచేసే ఉంటారు. వడ్డించిన మనిషి మెడలో ఒక స్కార్ఫ్ ఉంటుంది, గుర్తుందా? ఆయన శ్రీవారి సేవకుడు. టీటీడీ ఈ సేవను 2000లో మొదలుపెట్టింది. జీతం ఉండదు. ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చి కూరగాయలు తరుగుతారు, క్యూలో మంచినీళ్లు అందిస్తారు.

నాకు ఆ స్కార్ఫ్ అంటే చాలా గౌరవం. ఊళ్లో ఎవరూ పట్టించుకోని మనిషైనా సరే, అది వేసుకుని "కొంచెం జరగండి స్వామీ" అంటే జనం జరుగుతారు. తనెవరో, ఏం పనిమీద నిలబడ్డారో చూడగానే తెలుస్తుంది. ఎన్నాళ్లు చేయాలో ఆ సేవకులకూ ముందే తెలుసు.

[తెరపై: ఫోన్, ఆగకుండా వస్తున్న మెసేజ్‌లు]

ఇప్పుడు మా సంగతి. తిరుపతిలో మాకొక రక్తదాతల వాట్సాప్ గ్రూపు ఉంది. "ఓ నెగటివ్ అర్జెంట్" అని మెసేజ్ వస్తుంది. అది నిన్నటిదో, నిజమో కాదో ఎవరికీ తెలియదు. డిగ్రీ చదివే ఒక చెల్లెలు ప్రతిసారీ పేషెంట్ అటెండర్‌కు ఫోన్ చేసి కనుక్కునేది. దాత చివరిసారి రక్తం ఇచ్చి మగవాళ్లకైతే మూడు నెలలు, ఆడవాళ్లకైతే నాలుగు నెలలు అయ్యిందా అని అడిగేది. రక్తం దొరకగానే "దొరికింది, ఇక ఫోన్లు చేయకండి" అని పెట్టేది. ఇదంతా ఎవరూ చెప్పకుండానే.

ఒక నెల ఆ అమ్మాయి కనిపించలేదు. నేనే ఫోన్ చేశాను. "నేను ఇది చేస్తున్నట్టు గ్రూపులో ఎవరికైనా తెలుసా అన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

[తెరపై: నక్షత్రం బొమ్మ]

ఇది ఆ అమ్మాయి ఒక్కదాని బాధ కాదు. వికీపీడియాలో బాగా రాసేవాళ్ల పేజీలో తోటివాళ్లు 'బార్న్‌స్టార్' అని ఒక నక్షత్రం బొమ్మ అంటిస్తారు. పైసా విలువ ఉండదు. ఎక్కువగా పనిచేసేవాళ్లలో కొందరికి ఆ నక్షత్రం ఇచ్చి, మిగతావాళ్లకు ఇవ్వకుండా పరిశోధకులు పోల్చి చూశారు. నక్షత్రం అందుకున్నవాళ్ల పని 60 శాతం ఎక్కువగా తేలింది. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. 2017లో అచ్చయిన మరో పరిశోధన జర్మన్ వికీపీడియాలో కొత్తవాళ్ల మీద జరిగింది. చిన్న గుర్తింపు ఇస్తే, మరుసటి నెలలోనూ కొనసాగేవాళ్లు 20 శాతం పెరిగారు.

మన తెలుగు వికీపీడియా వాళ్లు, తెలుగులో విజ్ఞాన సర్వస్వం తెచ్చిన కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు ఇచ్చారు. అక్కడ నిర్వాహకులను తోటివాళ్లు చర్చించి ఎన్నుకుంటారు. అలా వచ్చిన హోదాకు బరువుంటుంది.

మేం మొదట తప్పు చేశాం. అందరినీ సంతోషపెట్టాలని ఒకేరోజు పద్నాలుగు మందిని అడ్మిన్లను చేశాం. పాత మెసేజ్‌లు తీసేసేవాళ్లు ఒక్కరూ లేరు! ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తారులే అనుకున్నారు. హోదా ఇచ్చి పని చెప్పకపోతే జరిగేది ఇదే. పని అప్పజెప్పి అధికారం ఇవ్వకపోవడం ఇంకా అన్యాయం. తప్పుడు మెసేజ్‌ను తీసే వీలు లేనివాళ్లు ఎంతసేపని బతిమాలుతారు?

తర్వాత మార్చాం. ఆ చెల్లెలికి 'రిక్వెస్టులు సరిచూసే బాధ్యత' అని పేరు పెట్టి, గ్రూపు అందరి ముందూ ప్రకటించాం. అడ్మిన్ చేశాం. మూడు నెలల గడువు పెట్టాం, పరీక్షలొస్తే టెన్షన్ లేకుండా దిగిపోవచ్చని. ఇంకొకరిని తోడు ఇచ్చాం.

థాంక్స్ చెప్పే పద్ధతీ మార్చుకున్నాం. బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేయడం మానేశాం. "నిన్న రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేసి కనుక్కోబట్టి, మదనపల్లె నుంచి బయలుదేరబోతున్న దాతకు ప్రయాణం తప్పింది" అని పేరు పెట్టి రాస్తాం. చేసిన పని ఏదో చెప్తేనే మనం చూశామని వాళ్లకు తెలుస్తుంది.

[తెరపై: గ్రూపులో ఒక మెసేజ్]

గడువు ముగిశాక ఆ అమ్మాయి చిత్తూరు తమ్ముడొకడికి బాధ్యత అప్పగించింది. ఎవరికి ఫోన్ చేయాలి, ఏం అడగాలి అని తనే ఒక పేజీ రాసిచ్చింది. కింద ఒక మాట రాసింది: "తమ్ముడూ, దొరికింది అని పెట్టడం మాత్రం మర్చిపోవద్దు."