నీళ్లు లేని డ్యామ్‌కి కాపలా

హోస్ట్: సార్, వరదల కోసం కట్టిన మట్టికట్ట చూపిస్తానని తీసుకెళ్లారు. తీరా చూస్తే చుక్క నీళ్లు లేవు, అంతా గడ్డే. దీనికి ఏడాదంతా కాపలా ఎందుకు?

ఇంజినీరు: ఖాళీగా ఉండటమే దాని పని అమ్మా. వరదను పట్టి ఉంచడానికి చోటు కావాలి కదా. కింద నది మోయగలిగినంత నీటినే తూము గుండా వదులుతుంది. నా భయం కూడా అక్కడే. ఎప్పుడూ నిండుగా ఉండే డ్యామ్ ఎక్కడ ఊరుతోందో రోజూ తెలుస్తుంది. ఇది ఎప్పుడో ఒకసారి నిండుతుంది, లోపం ఏదైనా ఉంటే ఆ రోజే బయటపడుతుంది.

హోస్ట్: లోపం అంటే, కట్ట మీదుగా పొర్లడమా?

ఇంజినీరు: అదొకటి. పైనుంచి నీళ్లు పారితే మట్టికట్ట కోసుకుపోతుంది. అందుకే పక్కన అలుగు పెడతారు. నాకు ఎక్కువ టెన్షన్ ఊటతోనే. ప్రతి మట్టికట్టా కొంచెం ఊరుతుంది, అది తప్పు కాదు. ఆ నీరు తేటగా ఉందా, బురదగా ఉందా? బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. కట్టలో సొరంగం పడుతోంది. పైపింగ్ అంటాం.

హోస్ట్: అప్పుడు ఎంత టైమ్ ఉంటుంది?

ఇంజినీరు: అమెరికాలో ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యామ్ ఉండేది. సుమారు 93 మీటర్ల ఎత్తు. 1976 జూన్ 5న, ఇంకా మొదటిసారి నింపుతుండగానే, ఉదయం బురద నీరు కనిపించింది. పూడ్చడానికి పంపిన బుల్‌డోజర్లు ఆ గుంతలోకే జారిపోయాయి. మధ్యాహ్నం 12 కాకముందే కట్ట తెగింది. 11 మంది చనిపోయారు.

హోస్ట్: అంటే, ఉదయం చూస్తే మధ్యాహ్నానికి లేదు!

ఇంజినీరు: అందుకే నడవాలి అంటాను. లోపలి నీటి ఒత్తిడిని పీజోమీటర్లు చెబుతాయి, అవీ కావాలి. కానీ కట్ట కింది అంచు వెంట నడిచే మనిషి కళ్లు వేరు. ఎలుక బొరియ, కుంగిన చోటు, గడ్డంతా ఎండిపోయినా ఒక్కచోటే పచ్చగా ఉన్న పట్టీ, ఇవి అతనికే దొరుకుతాయి. కట్ట మీద చెట్టు మొలిస్తే మొక్కగానే పీకేయాలి. పెరిగి చచ్చాక దాని వేరు కుళ్లి నీటికి దారి ఇస్తుంది.

హోస్ట్: మరి దిగువన ఉండేవాళ్లు?

ఇంజినీరు: కట్ట ఏమాత్రం మారకపోయినా, దిగువన ఇళ్లు పెరిగితే ప్రమాదం పెరిగినట్టే అమ్మా. కట్టిన రోజున పొలాలు, ఇప్పుడు కాలనీలు. తెగితే నీరు ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో మ్యాప్ ఉండాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఉండాలి. వానలకు ముందు ఆ నంబర్లన్నిటికీ నేనే చేసి చూస్తాను. పోయినసారి రెండు పనిచేయలేదు. అవి మార్పించాకే సంతకం పెట్టాను.