ఫిలేమోను చోట కూర్చుని చదవడం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

బైబిలు సొంతంగా ఎలా ధ్యానించాలో చెప్పమన్నారు. పద్ధతులు వరసపెట్టి చెప్పేకన్నా, బైబిల్లోని ఒక పత్రికను, అంటే ఒక ఉత్తరాన్ని, మీతో కలిసి చదవడం మేలనిపించింది. ఫిలేమోనుకు రాసిన పత్రిక తెరవండి. తీతుకు తర్వాత, హెబ్రీయులకు ముందు ఉంటుంది. ఒకటే అధ్యాయం, 25 వచనాలు. డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికని బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దానం కార్డు తీస్తే ఇందులోని వచనం వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరనే అనుకుంటున్నాను. కార్డు మీద అచ్చువేసుకునే మాటలు ఇందులో తక్కువ.

మొదట ఆపకుండా, పైకి చదవండి. ఇది ఉత్తరం. ఇంటికొచ్చిన ఉత్తరంలో మధ్య వాక్యం ఒకటి చదివి మడిచి పెట్టేయం కదా. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఎవరెవరున్నారో గుర్తు పెట్టండి. రాసింది ఖైదులో ఉన్న పౌలు. వృద్ధుడినని తనే చెప్పుకున్నాడు. అందుకున్నది ఫిలేమోను. ఇంట్లో సంఘం కూడుకునేంత స్థోమత ఉన్నవాడు, బానిస ఉన్నవాడు. ఆ బానిస పేరు ఒనేసిము. యజమానికి దూరమైన అతన్ని పౌలు తిప్పి పంపుతూ, చేర్చుకోమని అడుగుతున్న ఉత్తరం ఇది. అయితే రెండో వచనం చూడండి. అప్ఫియకు, అర్ఖిప్పుకు, ఆ ఇంట్లో కూడుకునే సంఘానికి కూడా శుభమని రాశాడు. యజమాని తన ఇంటి గుట్టు అనుకునే సంగతిని పౌలు సంఘం చెవిన వేశాడన్నమాట. పైగా 22వ వచనంలో, నేను వస్తాను, బస సిద్ధం చెయ్యి అంటాడు. పెద్దాయన తెలివికి నాకు ఇక్కడ నవ్వొస్తుంది. బలవంతం చేయనంటూనే, వచ్చి చూస్తానని చెప్పాడు!

మూడోసారి, ఉన్నదేది, మనం కలుపుకున్నదేది అని చూడండి. ఒనేసిము దొంగతనం చేసి పారిపోయాడని ఎన్ని ప్రసంగాల్లో వినలేదు? ఇప్పుడు 18వ వచనం చదవండి. అతను నీకు నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, అది నా లెక్కలో వేసుకో అంటున్నాడు. దొంగిలించాడని ఎక్కడా లేదు. 15వ వచనంలోనూ కొద్దికాలం ఎడబాశాడనే ఉంది. దొంగతనం జరిగే ఉండొచ్చు, కానీ అది ఊహ. నోటుబుక్కులో వాక్యం ఒక పక్కన, ఊహ ఇంకో పక్కన రాసుకోండి. పనివాడు చెప్పకుండా వెళ్లిపోయాడంటే ఏదో పట్టుకుపోయే ఉంటాడని మనకు ఎంత తొందరగా తోస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది.

తర్వాత అతని పేరు ఫోన్‌లోని బైబిలు యాప్‌లో వెతకండి. కొలొస్సయులకు 4:9లో దొరుకుతాడు. పౌలు తోటి సేవకుడు తుకికుతో కలిసి కొలొస్సయి పట్టణానికి వస్తున్నాడు. పౌలు అతన్ని నమ్మకమైన ప్రియ సహోదరుడనీ, మీలో ఒకడనీ పరిచయం చేశాడు. అదే అధ్యాయం మొదటి వచనంలో యజమానులతో, మీ దాసుల పట్ల న్యాయంగా నడుచుకోండి, పరలోకంలో మీకూ ఒక యజమానుడున్నాడు అని ఉంది. ఆ వచనం చదివి వినిపించిన రోజు సంఘంలో ఎవరి ముఖం ఎలా ఉందో ఊహించండి. ఇది కూడా ఊహే, రెండో పక్కనే రాసుకోండి.

ఇక అన్వయం. నన్నడిగితే మనవాళ్లు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. చదివేటప్పుడు పౌలు పక్కన కూర్చుంటాం. పాపం ఒనేసిము అనుకుంటాం, క్షమించాలి అని ఆమేన్ చెబుతాం. 1850లో అమెరికాలో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం వచ్చినప్పుడు, దాన్ని సమర్థించినవాళ్లు ఈ పత్రికనే చూపించారు. పౌలే తిప్పి పంపాడు కదా అన్నారు. ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకో అన్న 16వ వచనం వాళ్ల బైబిల్లోనూ ఉంది.

కాబట్టి ఫిలేమోను చోట కూర్చోండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె ఏ గ్లాసులో టీ తాగుతుంది? జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే జీతంలో కోత పెడుతున్నారా? ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకుంటాం. ఇంటికి సంబంధం వచ్చినప్పుడు మాత్రం, వాళ్లు విశ్వాసులేనా అని అడిగాక మెల్లగా ఇంకో ప్రశ్న వేస్తాం. అదేమిటో ఇక్కడ అందరికీ తెలుసు. సహోదరుడు అన్న మాట ఆ ప్రశ్న దాకా రాకపోతే 16వ వచనం మనం ఇంకా చదవనట్టే.

"ప్రేమగా ఉంటాను" అని రాసుకుంటే లాభం లేదు. ఎవరి విషయంలో, ఏం, ఏ రోజు లోపల అని రాయండి. ఆ రోజు దాటాక, చేశావా అని మిమ్మల్ని అడిగే మనిషిని కూడా ఒకరిని పెట్టుకోండి. ఫిలేమోనుకు పౌలు ఉన్నాడు, మీకూ ఒకరుండాలి.

వచ్చే వారానికి యోహాను మూడవ పత్రిక ఇలాగే చదివి రండి. అందులో దియొత్రెఫే అని ఒకాయన వస్తాడు, సంఘంలో తనదే పైచేయి కావాలనుకునేవాడు. అక్కడికి రాగానే పక్కవాళ్ల వైపు చూడకండి.