కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి

“ఆ లోకం వేరు, ఆ కాలం వేరు. మన కాలపు విలువలతో వాళ్లను తూచకూడదు.” ఫాంటసీ నవలల మీద ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికి ఈ మాట వచ్చి పడుతుంది. అది పడ్డాక ఇక చర్చ ఉండదు. ఏళ్ల తరబడి వింటున్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

ఒక్క పాత్రను పట్టుకుని మాట్లాడతాను. జేమీ లానిస్టర్. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలల్లోని జేమీ, వాటి మీద తీసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్‌లోని జేమీ కాదు. గ్రే షేడ్స్ ఉన్న పాత్ర అనగానే చాలామంది నోట ముందు వచ్చే పేరు కనుక పరిచయం అక్కర్లేదు.

[తెర మీద: ఎడమవైపు కిటికీ, కుడివైపు సింహాసనం, మధ్యలో తక్కెడ]

అతను చేసిన పనులు రెండు తీసుకుందాం. ఒకటి, 1996లో వచ్చిన మొదటి నవలలో ఏడేళ్ల పిల్లవాడు బ్రాన్ స్టార్క్‌ను కిటికీలోంచి తోసెయ్యడం. రెండోది కథ మొదలవడానికి చాలా ఏళ్ల ముందు జరిగింది. ప్రాణమిచ్చి కాపాడతానని ప్రమాణం చేసిన రాజునే, ఏరిస్‌నే, తన కత్తితో చంపాడు. ఇక తక్కెడ పట్టుకుందాం. ఒక పళ్లెంలో అతను చేసిన పని. రెండో పళ్లెంలో తూకపు రాయి. ఆ రాయి మన కాలానిదా, కథ జరిగే వెస్టెరోస్‌దా?

వెస్టెరోస్ రాయే వాడాలి అనేవాళ్ల మాటే ముందు విందాం. రాజును చంపడం అక్కడ ఎంత పాపం? రాజు అంగరక్షక దళమైన కింగ్స్‌గార్డ్‌లో ఉన్నవాడు చేస్తే అంతకు మించిన ద్రోహం లేదు. ఆ రోజు నుంచి అతన్ని పేరుతో పిలిచేవాళ్లే తగ్గిపోయారు. అందరికీ ‘కింగ్‌స్లేయర్’. రాజహంతకుడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాణ్ని చూసినట్టు చూస్తారు.

మరి చదివే మనకు ఆ పని ఎలా కనిపిస్తుంది? 2000లో వచ్చిన మూడో నవలలో హారెన్‌హాల్ కోటలోని స్నానాల గది గుర్తుందా? వేడి నీళ్లు, గది నిండా ఆవిరి. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి, జ్వరంతో సోలిపోతున్న జేమీ. ఎదురుగా బ్రియెన్ అనే యోధురాలు, అతన్ని అసహ్యించుకునే మనిషి. అక్కడ, ఆమెకు, అసలు సంగతి చెబుతాడు. ఏరిస్ రాజధాని ఊరి కింద వైల్డ్‌ఫైర్ దాయించాడు. అంటే నీళ్లతో ఆరని మంట పుట్టించే ద్రవం. ఓడిపోతానని తెలిశాక ఊరు ఊరంతా తగలబెట్టమన్నాడు. ఆ ఆజ్ఞ అందుకున్న మంత్రి రోసార్ట్‌ను ముందు, రాజును తరువాత చంపాడు జేమీ. అప్పటికి అతనికి 17 ఏళ్లు.

ఆ ఘట్టం చదివి జేమీ వైపు తిరగని పాఠకులు తక్కువ. నేనూ తిరిగాను. కానీ ఆ క్షణంలో మనం ఏ రాయి వాడాం? మనదే. ‘ప్రమాణం కన్నా ప్రజల ప్రాణం ముఖ్యం’ అనే రాయి. అతని లోకం దోషి అన్నవాణ్ని మన కాలపు విలువలే విడిపించాయి. ఇంతవరకూ నాకు పేచీ లేదు. కానీ అదే పాఠకులు కిటికీ దగ్గరకు వచ్చేసరికి ఆ రాయిని దాచేసి, ‘ఆ లోకంలో అంతే’ అంటారు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి! నా కోపమంతా ఇక్కడే.

పోనీ, కిటికీ పనిని ఆ లోకపు రాయితోనే తూచి చూడండి. తేలికవుతుందా? ఆ లోకంలో ఆతిథ్య ధర్మం పవిత్రం. ఇంటివాడి ఉప్పు తిన్నాక అతిథి అతనికి కీడు చెయ్యకూడదు, అతను అతిథికి చెయ్యకూడదు. జేమీ ఆ రోజు బ్రాన్ వాళ్ల కోట వింటర్‌ఫెల్‌లో అతిథి. తోసింది ఆ ఇంటి బిడ్డను. మనం పసివాడి మీద దాడి అనే ఒక్క నేరం చూస్తాం. వాళ్లు దాని మీద అతిథి ద్రోహం కూడా వేస్తారు. ఎవరి రాయితో జేమీని కాపాడుదామనుకున్నారో ఆ రాయే ఎక్కువ బరువు చూపిస్తోంది.

ఇంకో సంగతి. ‘ఆ లోకపు విలువలు’ అంటారే, అవి అందరికీ ఒకటేనా? ఏరిస్ తన రాణిని హింసిస్తుంటే జేమీ తలుపు బయట కాపలా ఉన్నాడు. ఆమెను కాపాడతామని కూడా మనం ప్రమాణం చేశాం కదా అని తోటి యోధుణ్ని అడిగాడు. చేశాం, కానీ రాజు నుంచి కాదు అన్నాడతను. ఆ ప్రశ్న అడిగింది ఇప్పటి పాఠకుడు కాదు, ఆ కాలపు కుర్రాడే. మనకు ఇది కొత్తేమీ కాదు. నిండు సభలో భీష్ముడు ధర్మం సూక్ష్మమని తేల్చకుండా వదిలేసినప్పుడు, అదే సభలో లేచి అన్యాయమన్నవాడు వికర్ణుడు. కౌరవుడే, ఆ కాలంవాడే. ఏ కాలంలోనూ తక్కెడ దగ్గర ఒక్క రాయే లేదు.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. అదే కథలో జోరా మార్మంట్ అనే యోధుడు మనుషుల్ని బానిసలుగా అమ్మాడు. ‘ఆ రోజుల్లో మామూలే’ అంటారు. అతని సొంత దేశంలోనే అది మరణశిక్ష పడే నేరం, అందుకే పారిపోయాడు. బానిసత్వం ఆ లోకంలో సహజం అనేవాళ్లు బ్రావోస్‌ను మరిచిపోతారు. తప్పించుకొచ్చిన బానిసలు కట్టుకున్న నగరం అది. సహజం ఎవరికి? అమ్మినవాళ్లకా, అమ్ముడుపోయినవాళ్లకా? ఇక, అసలు ‘ఆ కాలం’ అనేదే లేదు. ఆ లోకాన్ని మన కాలపు రచయిత, మన కాలపు పాఠకుల కోసం రాశాడు. తూచమనే ఆ పాత్రలను మన ముందు పెట్టాడు. ఒక పాత్ర చేసిన ఘోరం చూపినంత మాత్రాన రచయిత దాన్ని సమర్థించాడనడం కూడా తప్పే. దాని మీద ఇంకో వీడియో చేస్తాను.

చివరిగా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. రాయి ఏదైనా, పళ్లెంలో వేసిన సరుకు మొత్తం వేశారా లేదా అని కూడా చూడాలి. ఏరిస్ చచ్చిన రోజు బ్రాన్ తండ్రి నెడ్ స్టార్క్ గుర్రం మీద దర్బారులోకి వచ్చి, సింహాసనం మీద కూర్చున్న జేమీని చూశాడు. ఆ ఒక్క చూపుతోనే తీర్పు అయిపోయింది. సింహానికి (లానిస్టర్ల గుర్తు) తీర్పు చెప్పే హక్కు తోడేలుకు (స్టార్క్‌ల గుర్తు) ఎక్కడిదని ఏళ్ల తరువాత కూడా జేమీ రగిలిపోయాడు తప్ప, వైల్డ్‌ఫైర్ సంగతి నెడ్‌కు చెప్పలేదు.

[తెర మీద: తెరిచి ఉన్న పెద్ద పుస్తకం]

మూడో నవల చివర్లో జేమీ కింగ్స్‌గార్డ్‌ల చరిత్ర రాసే వైట్ బుక్ తెరిచి తన పేజీ చదువుకుంటాడు. రాజును చంపాడని అందులో ఉంది. జనం ఏమని పిలుస్తారో ఉంది. వైల్డ్‌ఫైర్ గురించి ఒక్క మాట లేదు. కిటికీ గురించీ లేదు. కింద మిగిలిన కాగితమంతా ఖాళీ. దళపతి ఇప్పుడు అతనే కాబట్టి, ఆ ఖాళీలో ఏం రాసుకున్నా అడిగేవాడు లేడు.