ఎపిసోడ్ 41: మొదటిసారి ట్రాక్‌కి వెళ్తున్నారా? సంచిలో ఏముండాలి

అల్లుడు: రికార్డింగ్ మొదలైంది మామా. ఆ ఫ్యాన్ ఒకటిలో పెట్టు. లేకపోతే మళ్ళీ హెలికాప్టర్ అంటారు.

మామయ్య: పెట్టాను. అందరికీ నమస్కారం. పోయిన వారం మేము రాలేదు. ఒంట్లో బాగుందా అని చాలామంది అడిగారు. బాగుంది.

అల్లుడు: ఇద్దరికీ బాగుంది.

మామయ్య: మా మధ్య మాటలే లేవు.

అల్లుడు: అది తర్వాత మామా. ముందు ఇవాళ్టి విషయం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి మొదటిసారి ట్రాక్ డేకి వస్తున్నాం, ఏం తెచ్చుకోవాలి అని గూడూరు నుంచి ఒకరు, హోసూరు నుంచి ఇద్దరు రాశారు. ట్రాక్ డే అంటే రేసు కాదు, మన బైకుతో ట్రాక్ మీద తిరిగే రోజు. చెన్నై నుంచి బెంగళూరు హైవే పట్టుకుంటే శ్రీపెరంబుదూరుకి ముందే వస్తుంది. ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ట్రాక్ డేకి రేసు లైసెన్స్ ఏమీ అక్కర్లేదు, మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు. రేసు అయితేనే ఎఫ్ఎంఎస్‌సీఐ, అంటే దేశంలో మోటార్ రేసుల్ని చూసుకునే సంఘం, ఇచ్చే కాంపిటీషన్ లైసెన్స్ కావాలి.

మామయ్య: రాత్రి నిద్రపోయి రండి. అది ముందు చెప్పు.

అల్లుడు: అవును, నిద్ర. తర్వాత ఫుల్ ఫేస్ హెల్మెట్, లెదర్ సూట్, వీపుకి ఛాతీకి ప్రొటెక్టర్లు, మణికట్టు దాటి వచ్చే గ్లవ్స్, చీలమండ మూసే బూట్లు. చెవుల్లోకి ఇయర్ ప్లగ్స్. నీళ్ళు, ఓఆర్ఎస్, రెండు తువ్వాళ్ళు. నీలం బకెట్.

మామయ్య: నీలం బకెట్ మర్చిపోతే నా దగ్గరికి రావద్దు.

అల్లుడు: మన చెన్నై ఎండలో ఇరవై నిమిషాల సెషన్ అయ్యేసరికి సూట్ లోపల బనియన్ పిండితే నీళ్ళు కారతాయి. అందుకని రెండు బనియన్లు ఎక్కువే పెట్టుకోండి.

మామయ్య: షోలవరంలో మా కాలంలో ఈ సూట్లు అందరికీ ఎక్కడివి? తోలు జాకెట్ ఒకడిది ఉంటే రేసు అయ్యాక ఇంకొకడు వేసుకునేవాడు.

అల్లుడు: షోలవరం వచ్చేసింది. ఎన్నో నిమిషం? మూడో నిమిషం.

మామయ్య: రానీ. నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చేవాళ్ళకి అది దారిలో ఊరు. మా నాన్న గూడూరు నుంచి నిమ్మకాయల లారీ తోలుకొని కొత్వాల్ చావడి మార్కెట్‌కి వచ్చేవాడు. సరుకు దించి వెనక్కి వెళ్ళేటప్పుడు రేసులు ఉన్నాయంటే షోలవరంలో లారీ ఆపేవాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. లారీ టాప్ మీద కూర్చొని చూసేవాణ్ణి. చేతులకి నిమ్మకాయల వాసన, కిందినుంచి టూ స్ట్రోక్ పొగ వాసన. ఇప్పటికీ ఎవరైనా నిమ్మకాయ కోస్తే నాకు బండి శబ్దం వినిపిస్తుంది.

అల్లుడు: ఇది చెప్పినప్పుడల్లా బాగుంటుంది మామా, ఏం చేస్తాం. సరే, బండి సంగతికి వద్దాం. అద్దాలు తీసేయాలి, లైట్ల మీద టేప్ వేయాలి, సైడ్ స్టాండ్ తీసేయాలి. రేడియేటర్ ఉన్న బండి అయితే కూలెంట్ తీసేసి మామూలు నీళ్ళు పోయాలి. రేసుకైతే ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి లాక్ వైర్ తప్పనిసరి. ట్రాక్ డేకి అడగకపోయినా కట్టుకోండి.

మామయ్య: అది ఎట్టా కట్టాలో చెప్పు. సగం మంది తప్పు కడతారు.

అల్లుడు: బోల్టు తలకి అడ్డంగా సన్న రంధ్రం వేయించాలి. అందులోంచి స్టీల్ తీగ దూర్చి, రెండు కొసలూ కలిపి పురి పెడుతూ దగ్గర్లో కదలని చోటికి లాగి కట్టాలి. ఏ వైపుకి లాగుతున్నాం అన్నదే ముఖ్యం. బోల్టు వదులవ్వాలని చూస్తే తీగ ఇంకా బిగుసుకోవాలి. అవతలి వైపు నుంచి కడితే తీగ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొస ముక్కని లోపలికి మడవాలి, లేకపోతే చెయ్యి గీసుకుపోతుంది. స్క్రూటినీలో, అంటే రేసుకి ముందు బండి తనిఖీలో, మొదట వేలు పెట్టి చూసేది దాన్నే.

మామయ్య: ఎందుకో కూడా చెప్పు.

అల్లుడు: ఆయిల్ ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాళ్ళందరూ జారతారు. కూలెంట్ కూడా అంతే, జిడ్డు, తుడిచినా తొందరగా పోదు. నీళ్ళయితే ఆ ఎండకి ఆరిపోతాయి.

మామయ్య: అదీ. నీ బండి భద్రం నీ కోసం కాదు, వెనక వచ్చేవాడి కోసం. నీకు ఈ మాట నోటికి వచ్చింది. జెండా దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

అల్లుడు: మామా.

మామయ్య: మాట్లాడుకుందాం. వినేవాళ్ళు అడుగుతున్నారు. ఆదివారం రేసులో నాలుగో స్థానంలో వచ్చినవాడు ఫలితాల కాగితంలో వెనక ఎందుకు ఉన్నాడని.

అల్లుడు: సరే. చెప్తాను. నా వైపు నుంచి చెప్తాను, మధ్యలో అడ్డం రావద్దు. ఆరు ల్యాప్‌ల రేసు. ఐదో ల్యాప్. నా ముందు ఒకడు, వాడికి బ్రేకింగ్‌లో చెయ్యి వణుకుతోంది, నాకు కనిపిస్తోంది. రెండు ల్యాప్‌లుగా వాడి వెనకే ఉన్నా. ఆ మలుపు దగ్గర లోపలి వైపు దూరాను. పక్కకి వచ్చాక కంటి చివర పసుపు జెండా కనిపించింది. అప్పటికే సగం దాటేశా. అప్పుడు బ్రేక్ నొక్కితే వెనకవాడు నా మీదికి వస్తాడు. గంటకి 120 అంటే సెకనుకి 33 మీటర్లు మామా. అర సెకను ఆలస్యంగా చూస్తే పదహారు మీటర్లు పోయినట్టే.

మామయ్య: అయిందా?

అల్లుడు: అయింది.

మామయ్య: లెక్క బాగుంది. ఇప్పుడు నేను అడుగుతాను. ఎన్ని జెండాలు ఊపారు?

అల్లుడు: ఒకటి.

మామయ్య: రెండు. ఒకటి ఊపితే ట్రాక్ పక్కన ప్రమాదం ఉందని. రెండు ఊపితే ట్రాక్ మీదే అడ్డం ఉంది, ఆగడానికి సిద్ధంగా రమ్మని. ఏదైనా సరే, మళ్ళీ గ్రీన్ కనిపించేదాకా ఎవరినీ దాటకూడదు. ఆలస్యంగా చూశావు, దాటేశావు, ఒప్పుకుంటా. అది మనిషి చేసే పొరపాటే. దానికి రూల్‌లోనే దారి ఉంది. వెంటనే చెయ్యి ఎత్తి, పక్కకి తప్పుకొని, దాటినవాణ్ణి ముందుకి పోనిస్తే శిక్ష లేదు. ఆ తర్వాత నీకు ఎంత దూరం ఉంది చెయ్యి ఎత్తడానికి? అంత దూరంలో నీ చెయ్యి హ్యాండిల్ వదల్లేదా?

అల్లుడు: నాలుగో స్థానం మామా. నాకు ఎప్పుడూ రాలేదు.

మామయ్య: తెలుసు.

అల్లుడు: మూడేళ్ళు. ప్రతి నెలా జీతంలోంచి టైర్లకి, బ్రేక్ ప్యాడ్లకి తీసి పెట్టుకుంటా. పెళ్ళిళ్ళకి పోలేదు. సంక్రాంతికి ఊరికి పోలేదు. ఆ ఒక్క సెకనులో ఇదంతా గుర్తొచ్చిందని చెప్పను. గుర్తుకు రాలేదు. చెయ్యి ఎత్తాలని తెలుసు, ఎత్తలేదు. అంతే. కానీ నువ్వు చేసింది కూడా చెప్పు. అందరికీ చెప్పు.

మామయ్య: చెప్తా. నీ నంబరు రాసింది నేను కాదు, జెండా పట్టుకున్నాయన రాశాడు. ఆ మలుపు దగ్గర నేను మార్షల్‌ని, అంటే జెండాలతో నిలబడి, పడినవాళ్ళని చూసుకునేవాళ్ళలో ఒకణ్ణి. తర్వాత స్టీవర్డ్స్, అంటే రేసులో తీర్పు చెప్పేవాళ్ళు, పిలిచి అడిగారు. నువ్వు చూశావా అని. చూశానన్నాను.

అల్లుడు: నేను నీ మేనల్లుణ్ణని వాళ్ళకి తెలుసు. నువ్వు చూడలేదంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నువ్వు అప్పుడు వంగి ఉన్నావు కూడా.

మామయ్య: వంగి ఎందుకు ఉన్నాను?

అల్లుడు: …

మామయ్య: చెప్పు అబ్బయ్యా. వంగి ఎందుకు ఉన్నాను?

అల్లుడు: పడిన అబ్బాయి దగ్గర.

మామయ్య: ఇది వినేవాళ్ళకి వివరంగా చెప్పాలి. మార్షల్ పోస్ట్ దగ్గర మేము ఒకరికి ఒకరం వీపు పెట్టి నిలబడతాం. ఒకరు వచ్చే బండ్లని చూస్తారు, ఒకరు అవతల జరిగేది చూస్తారు. ఎవరైనా పడితే ఒకరు పరిగెత్తాలి. పరిగెత్తినవాడికి ఇక వచ్చే బండ్లు కనిపించవు. వెనక జెండా ఊపేవాడే వాడికి కళ్ళు. విజిల్ వినపడితే ఉన్నపళంగా పక్కకి దూకాలి. ఆ రోజు ఆ అబ్బాయి సగం గ్రావెల్‌లో, సగం తారు మీద. ఒక కాలు బండి కింద. నేను ముందు ఇంజన్ కిల్ స్విచ్ నొక్కాను. బండి లేపాలంటే సైలెన్సర్ తగలకుండా పట్టుకోవాలి, అది కాలుతూ ఉంటుంది. వాడు హెల్మెట్ తియ్యమంటున్నాడు. తియ్యకూడదు, డాక్టర్ వచ్చేదాకా మెడ కదపకూడదు. నేను వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి, కదలొద్దు నాయనా, కదలొద్దు అంటున్నా. తమిళం పిల్లాడు. నాకు టెన్షన్‌లో తెలుగే వచ్చింది. వాడికి అర్థమైంది.

అల్లుడు: వాడు ఇప్పుడు బాగున్నాడు కదా.

మామయ్య: బాగున్నాడు. కాలికి కట్టు, అంతే. అప్పుడు విజిల్ వినిపించింది. తల తిప్పాను. రెండు బండ్లు పక్కపక్కన వస్తున్నాయి. ఒక్కొక్కటిగా రావాల్సిన చోట పక్కపక్కన. అందులో ఒక హెల్మెట్ నేను కొనిచ్చింది.

అల్లుడు: నువ్వని నాకు తెలియదు మామా. ఒట్టు. ఆరెంజ్ డ్రెస్‌లో ఒక మనిషి కనిపించాడు. అంతే.

మామయ్య: నేనని తెలిస్తే ఆగేవాడివి. అదే నా బాధ. ఆరెంజ్ డ్రెస్‌లో ఉన్నవాడు ఎవరికో ఒకరికి మామయ్యే.

అల్లుడు: …కాసేపు ఆపనా?

మామయ్య: వద్దు. ఉండనీ.

అల్లుడు: నేను ఆ రాత్రి ఇంటికి పోయి అమ్మకి నీ మీదే చెప్పా. చూశానని చెప్పి నా స్థానం పోగొట్టాడు అని. అమ్మ పప్పులోకి తాలింపు పెడుతోంది. అంతా విని, నా తమ్ముడు రోడ్డు మధ్యలో ఉన్నప్పుడు నువ్వు ఎంత స్పీడులో ఉన్నావురా అని అడిగింది. నేను చెప్పలేదు. అన్నం తినకుండా పడుకున్నా.

మామయ్య: అక్క నాకు ఫోన్ చేసింది. నన్ను కూడా తిట్టింది, ఈ వయసులో నీకెందుకని.

అల్లుడు: దానికి ఏమన్నావు?

మామయ్య: షోలవరంలో ఒకసారి నేను గడ్డి మోపు దాటి ముందుకి పోయాను, బాగా కనిపిస్తుందని. అక్కడ జెండా పట్టుకొని నిలబడ్డ ఆయన వచ్చి నన్ను చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు. బండి నా చొక్కాకి గాలి తగిలేంత దగ్గరగా పోయింది. ఆయన ఎవరో తెలియదు, పేరు అడగలేదు. మా నాన్న ఆయనకి ఒక బుట్ట నిమ్మకాయలు ఇచ్చాడు. అక్కకి అదే చెప్పాను.

అల్లుడు: ఇది ఎప్పుడూ చెప్పలేదు నాకు.

మామయ్య: నువ్వు షోలవరం అనగానే నిమిషాలు లెక్కపెడతావు.

అల్లుడు: ఇక పెట్టను.

మామయ్య: పెట్టు, ఏం కాదు. 1990లో ఈ ట్రాక్ వచ్చింది, అక్కడి రేసులు ఇక్కడికి వచ్చాయి. ఇక్కడ గ్రావెల్ ఉంది, టైర్ల గోడ ఉంది, అంబులెన్స్ ఉంది. అయినా మనిషి నిలబడాల్సిన చోట మనిషే నిలబడాలి. మొదటిసారి వచ్చేవాళ్ళూ, ఒక పని చేయండి. పొద్దున రైడర్స్ బ్రీఫింగ్‌లో జెండాల గురించి చెప్పేటప్పుడు ఫోన్ చూడకండి. మొదటి ల్యాప్ మెల్లగా పోతారు కదా, ఆ ల్యాప్‌లో ప్రతి మలుపు దగ్గరా మార్షల్ ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసుకోండి. రేసింగ్ లైన్, అంటే వేగంగా పోయే దారి, తర్వాత వస్తుంది.

అల్లుడు: ఆఖరి ల్యాప్ అయ్యాక వాళ్ళకి చెయ్యి ఊపండి. నేను ఆ ఆదివారం అది కూడా చేయలేదు.

మామయ్య: జెండాలు మొత్తం ఒకసారి చెప్పు మరి. విషయం పెట్టావుగా.

అల్లుడు: రెడ్ అంటే సెషన్ ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌కి, అంటే బండ్లు ఆపే చోటికి, రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే ముందు జారుడు ఉంది. బ్లూ అంటే వెనక నీకన్నా వేగంగా వచ్చేవాడు ఉన్నాడు. నలుపు మీద ఆరెంజ్ బిళ్ళ, పక్కన నీ నంబరు ఉంటే నీ బండిలోంచి ఏదో కారుతోంది లేదా ఊడుతోంది, వెంటనే ట్రాక్ వదిలి పక్కకి రావాలి. పసుపు…

మామయ్య: పసుపు చెప్పావు.

అల్లుడు: చెప్పాను. టైర్ ప్రెషర్ సంగతి అడిగారు మామా, హోసూరు వాళ్ళు. వేడెక్కాక గాలి పెరుగుతుంది కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, సెషన్ అయి పిట్‌లోకి రాగానే ఒకసారి కొలిచి పుస్తకంలో రాసుకోండి. గేజ్ మీదే వాడండి, పక్కవాడిది వద్దు. రెండు గేజ్‌లు ఒకే మాట చెప్పవు.

మామయ్య: ఫోన్ మోగుతోంది చూడు.

అల్లుడు: టాటా ఏస్ ఆయన. కింద వచ్చేశాడట. ఇవాళ బండిని మెకానిక్ దగ్గరికి పంపాలి, ముందు ఫోర్క్ సీల్ కారుతోంది.

మామయ్య: పలక ఉందా ఎక్కించడానికి?

అల్లుడు: పోయినసారి దాన్ని మీ ఇంట్లోనే వదిలేశాను. నువ్వు మాట్లాడకపోతే ఎట్టా అడగాలి?

మామయ్య: మెట్ల కింద ఉంది. నువ్వు ముందు పట్టుకో, నేను వెనక తోస్తా. తాళ్ళు కూడా తీసుకురా, బకెట్‌లో ఉన్నాయి.

అల్లుడు: రికార్డింగ్ ఆపుతున్నా.

మామయ్య: ఆపు, ఆపు. ఆయన హారన్ కొడుతున్నాడు.