ముల్లు సున్నా మీద పెట్టారా?

నమస్కారం. విమానంలోంచి దూకేవాళ్ళ మణికట్టు మీద పెద్ద వాచ్ లాంటిది ఒకటి ఉంటుంది, వీడియోల్లో చూసే ఉంటారు. దాన్ని ఆల్టీమీటర్ అంటారు. అది టైం చెప్పదు, నేల ఇంకా ఎంత కింద ఉందో చెబుతుంది. స్కైడైవింగ్ నేర్చుకోవాలనుకున్నప్పుడు నేను మొట్టమొదట కొన్నది అదే. దాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్ళింది మాత్రం విమానంలో కాదు, అమ్మతో పాటు అలిపిరి మెట్ల దారిన.

అమ్మకి మొక్కు ఉంది, నడిచి రావాలంది. పాదాల మండపం దగ్గర నేను డయల్ పక్కనున్న చిన్న నాబ్ తిప్పి ముల్లుని సున్నా మీద పెట్టాను. అమ్మ చూసి, "ఏం పాపా, గొడుగు తెరిచేది ఇదేనా?" అంది. కాదమ్మా, ఇది దేన్నీ తెరవదు, ఎప్పుడు తెరవాలో చూపిస్తుంది అంతే, తెరవాల్సింది నేనే అని చెప్పాను.

గాలిగోపురం దాకా మాకు ఆయాసం వచ్చినట్టే ముల్లు కూడా గబగబా ఎక్కింది. ఆ తర్వాత దారి కాస్త చదునుగా ఉంటుంది కదా, అక్కడ చాలాసేపు ముల్లు కదిలీ కదలనట్టు ఉండిపోయింది. మళ్ళీ మోకాళ్ళ పర్వతం దగ్గర లేచింది. 3,550 మెట్లూ ఎక్కి పైకి చేరేసరికి నాలుగు గంటలైంది, అమ్మ సంచిలో ఉన్న చిప్స్ ప్యాకెట్ బుంగలా ఉబ్బింది. పైన గాలి ఒత్తిడి తక్కువ, లోపల మూసిన గాలి ఒత్తిడి ఎక్కువ, అందుకే ఆ ఉబ్బు. ఆల్టీమీటర్ లోపలా అంతే, మూసేసిన చిన్న రేకు డబ్బీ ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ ముల్లుని తిప్పుతుంది.

ముల్లు 2,500 అడుగుల దరిదాపుల్లో నిలబడింది. నా డయల్ మీద ఎర్రరంగు మొదలయ్యేది సరిగ్గా 2,500 దగ్గరే. నేర్చుకునేవాళ్ళకి అమెరికా పారాచూట్ సంఘం నియమం ఏమిటంటే, పెద్ద పారాచూట్ సరిగా విచ్చుకోకపోతే దాన్ని వదిలేసి రిజర్వ్, అంటే అత్యవసరానికి ఉంచే రెండో పారాచూట్, తెరవాలా వద్దా అన్నది 2,500 అడుగులకి వచ్చేలోపే తేల్చుకోవాలి. అంటే ఇంచుమించు మన తిరుమల ఎత్తు. గంటకి దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడే మనిషికి ఆ ఎత్తు 14 సెకన్లు. నాలుగు గంటలు ఎక్కిన కొండ, 14 సెకన్లు. అమ్మ "గోవిందా" అని పది పన్నెండు సార్లు అనేంతలో అయిపోతుంది. ఆ రోజు పైన నిలబడి కింద తిరుపతిని చూస్తే 2,500 అన్న అంకె నాకు మొదటిసారి అర్థమైంది.

అందుకే ఎలాంటిది కొనాలని ఎవరైనా అడిగితే, నేర్చుకునే రోజుల్లో ముల్లు ఉన్నదే కొనండి అంటాను. అంకెలు చూపించే డిజిటల్‌వి బాగుంటాయి, దూకుళ్ళ లెక్క కూడా రాసి పెడతాయి, కానీ టెన్షన్‌లో అంకె చదివి అర్థం చేసుకోవడం వేరు, ముల్లు ఏ మూల ఉందో ఒక్క చూపులో పట్టడం వేరు. 12,000 అడుగుల డయల్ అయితే గడియారం లాగే ఉంటుంది, ఒక్కో గంట గుర్తుకి వెయ్యి అడుగులు. ఎడమ చేతికే కట్టుకోండి, కుడిచెయ్యి పారాచూట్ లాగే పనిలో ఉంటుంది. చేతికుండే మామూలు స్మార్ట్ వాచ్ ఎత్తు చూపిస్తుంది కదా అని దాన్ని నమ్ముకోకండి, అది ఈ వేగానికి చేసింది కాదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. సున్నా. కొండ దిగిన రెండో రోజు పొద్దున చూస్తే, అల్మారాలో కదలకుండా ఉన్న ఆల్టీమీటర్ దాదాపు 100 అడుగులు చూపిస్తోంది! పాడైందేమో అనుకున్నాను. పాడవలేదు, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, ఒత్తిడి తగ్గింది. ఒక మిల్లీబార్ తగ్గితే దాదాపు 30 అడుగులు ఎక్కినట్టే దానికి. నిన్నటి సున్నా నేటికి పనికిరాదు. దూకే ప్రతిసారీ, నేల మీద ఉన్నప్పుడే, దిగబోయే చోటి ఎత్తుకి సరిపెట్టుకుని సున్నా చెయ్యాలి. విమానం లేచాక ఇక నాబ్ ముట్టుకోకూడదు. వెయ్యి అడుగుల దగ్గర పక్కవాళ్ళ చేతి మీదున్నదానితో మీది ఒకసారి పోల్చుకోండి, తేడా కనిపిస్తే ఇన్‌స్ట్రక్టర్‌కి అక్కడే చెప్పండి.

మన తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఇంకో వసతి ఉంది. కొత్తదైనా, ఎవరి దగ్గరైనా కొన్న పాతదైనా, అలిపిరిలో సున్నా చేసి తిరుమల బస్సు ఎక్కండి. ముల్లు ఎక్కడా ఇరుక్కోకుండా నున్నగా కదులుతోందా, చెవులు గుయ్యిమన్నప్పుడు అదీ కదిలిందా, తిరిగి దిగాక సున్నా దగ్గరికి వచ్చిందా చూడండి. ఇది మొదటి పరీక్షే, అసలు పరీక్ష ఇన్‌స్ట్రక్టర్ చేతిలోనే.

మేము దిగేటప్పుడు బస్సులోనే వచ్చాం. అలిపిరిలో నా చెయ్యి పట్టుకుని చూసింది అమ్మ. ముల్లు సున్నాకి ఒక వెంట్రుక పక్కన ఉంది. "తిప్పు మరి" అంది.